ముక్కూ మొహం తెలియని మనిషికి

రోడ్డు ప్రమాదం జరిగితే చుట్టూ మూగి చూసే జనం గురించి ఒక పాఠకుడు రాసిన ఉత్తరాన్ని గత నెల ప్రచురించాము. ఆ తరువాత, పరిచయం లేనివారికి సాయపడే విషయంలో తమకున్న సందేహాలను వివరిస్తూ చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిని వరుసగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. మనవాళ్లలో జాలికి కొదవ లేదు. ఆ క్షణంలో ఏం చేయాలో, చేస్తే ఏది మెడకు చుట్టుకుంటుందో తెలియకనే వెనకాడుతున్నారు. అందువల్ల ఈ నెల సమాధానాలలో హితబోధ తగ్గించి, తెలిసి ఉండవలసిన విషయాలకే ఎక్కువ చోటు ఇచ్చాము.

ప్రశ్న: హైదరాబాదు నుంచి తిరిగి వస్తుండగా చౌటుప్పల్ దాటాక, మా ముందు వెళ్తున్న మోటారు సైకిలు డివైడరును ఢీకొని పడిపోయింది. నడుపుతున్న కుర్రవాడికి స్పృహ లేదు. నేను దిగబోతే మావారు, ‘పోలీసు కేసవుతుంది, కోర్టుల చుట్టూ తిరగాలి, ఆస్పత్రిలో డబ్బు కూడా మనల్నే కట్టమంటారు’ అని ఆపేశారు. 108కి ఫోను చేసి వచ్చేశాము. ఆ కుర్రవాడు ఏమయ్యాడోనని ఇప్పటికీ మనసు పీకుతూనే ఉంది. మావారి భయం నిజమేనా?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: మీవారి భయం ఊరికే పుట్టినది కాదమ్మా. గాయపడినవారిని ఆటోలో వేసుకొచ్చిన పుణ్యానికి స్టేషనులో గంటల తరబడి బెంచీ మీద కూర్చోబెట్టడం, ‘నువ్వే గుద్దావా?’ అని గుచ్చి గుచ్చి అడగడం, ఆస్పత్రిలో అడ్మిషను ఫారం మీద తెచ్చినవారి చేతనే సంతకం పెట్టించి అడ్వాన్సు కట్టించుకోవడం ఒక తరం వారు కళ్లారా చూసినవే. అయితే చట్టం ఇప్పుడు అలా లేదు. సాయపడినవారికి రక్షణ కల్పిస్తూ కేంద్ర రవాణా శాఖ 2015 మే నెలలో మార్గదర్శకాలు ప్రకటించగా, 2016 మార్చి 30న సుప్రీంకోర్టు వాటికి చట్టంతో సమానమైన బలాన్ని ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు ఇదే విషయమై 134ఎ సెక్షనును చేర్చారు. 2020 సెప్టెంబరులో నియమాలు కూడా వెలువడ్డాయి.

ఆ సెక్షను ప్రకారం, ప్రతిఫలం ఆశించకుండా, సదుద్దేశంతో, తనంతట తాను ముందుకు వచ్చి గాయపడిన మనిషికి సాయం చేసేవారి చేతిలో ఏదైనా పొరపాటు జరిగి, ఆ మనిషికి హాని కలిగినా, ప్రాణమే పోయినా, సాయం చేసినవారి మీద సివిలు కేసు గాని క్రిమినలు కేసు గాని పెట్టడానికి వీలు లేదు. పేరు, చిరునామా, ఫోను నంబరు చెప్పమని పోలీసులు బలవంతపెట్టకూడదు, ఇష్టమైతే చెప్పవచ్చు. సాక్ష్యం చెప్పడానికి మీరే ఒప్పుకుంటే, మిమ్మల్ని స్టేషనుకు పిలవకుండా, అధికారి యూనిఫారం లేకుండా మీ ఇంటికో పనిచేసే చోటుకో వచ్చి మాట్లాడాలి. ఆ వాంగ్మూలం కూడా ఒక్కసారే తీసుకోవాలి. ప్రమాదాన్ని స్వయంగా చూసినవారు చిరునామా ఇచ్చి వెళ్లాలని 2015 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి, అంతకు మించి నిలబెట్టి ప్రశ్నలు వేయకూడదని కూడా చెబుతున్నాయి. ఈ రక్షణలేవీ ఢీకొట్టిన వాహనాన్ని నడిపిన మనిషికి వర్తించవు. గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం అతనికి చట్టం పెట్టిన బాధ్యత.

ఇక ఆస్పత్రి సంగతి. ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా, పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా ముందు ప్రాణం నిలబెట్టే ప్రయత్నం చేయాలని పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది. బంధువు కాని మనిషిని డబ్బు కట్టమని నిలదీయడానికి ఆస్పత్రికి హక్కు లేదు. సాయం చేసినవారి హక్కుల పట్టికను ప్రవేశద్వారం దగ్గర స్థానిక భాషలో కూడా ప్రదర్శించాలన్నది నియమం. ఈసారి ఏ ఆస్పత్రికి వెళ్లినా ఆ బోర్డు ఉందో లేదో ఒకసారి చూడండి, లేకపోతే అడగండి. చికిత్స ఖర్చు విషయానికి వస్తే, మోటారు వాహన ప్రమాదంలో గాయపడినవారికి నిర్దేశిత ఆస్పత్రులలో ప్రమాదం నాటి నుంచి 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు చెల్లించనక్కరలేని చికిత్స అందించే కేంద్ర పథకం 2025 మే నుంచి అమలులోకి వచ్చింది. ఇవన్నీ కాగితం మీద ఒకలా, క్యాజువాల్టీ గేటు దగ్గర మరొకలా ఉండడం మనకు కొత్త కాదు. కానీ ‘134ఎ సెక్షను ఉంది కదండీ’ అని నెమ్మదిగా అనగలిగిన మనిషితో ఎవరైనా కాస్త ఆచితూచి మాట్లాడతారు.

ఇంతకీ దిగి ఏం చేయాలి? ముందు మీ కారును రోడ్డు వారకు తీసి హెచ్చరిక లైట్లు వేయండి. సాయానికి దిగినవారినే వెనక నుంచి వచ్చే లారీ ఢీకొన్న సంఘటనలు ఉన్నాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ మనకు చిరపరిచితమే. జాతీయ రహదారి మీదైతే 1033కి కూడా ఫోను చేయవచ్చు. ఏ నంబరుకు చేసినా, పక్కనున్న కిలోమీటరు రాయి మీది అంకెను, ఏ వైపు వెళ్లే దారిలో ఉన్నారో చెబితే అంబులెన్సుకు వెతుకులాట తప్పుతుంది. చుట్టూ చేరి ఫోనులో వీడియో తీసేవాళ్ల మీద కోప్పడి లాభం లేదు. ‘ఎవరైనా ఫోను చేయండి’ అంటే ఎవరూ చేయరు. ఒకరిని వేలెత్తి చూపి, ‘నీలం చొక్కా బాబూ, నువ్వు 108కి చెయ్యి’ అంటే అదే ఫోనుతో ఆ కుర్రాడే చేస్తాడు.

స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయడం మన ఊళ్లలో పాత అలవాటు. ఆ నీళ్లు ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది, పోయకండి. రక్తం కారుతుంటే చున్నీనో తువ్వాలునో మడతపెట్టి గాయం మీద గట్టిగా అదిమి పట్టుకోవాలి. అది తడిసిపోతే తీయకుండా దాని మీదే మరో గుడ్డ వేయాలి. గుచ్చుకున్న ఇనుప ముక్కను లాగకూడదు. ఊపిరి ఆడుతూ ఉన్నంతవరకు హెల్మెట్టును గుంజవద్దు, మెడను కదపవద్దు, ఆ మనిషిని కూర్చోబెట్టే ప్రయత్నం అసలే చేయవద్దు. ఇదే సందర్భంలో మరో మాట: మూర్ఛ వచ్చి కొట్టుకుంటున్నవారి చేతిలో తాళాలగుత్తి పెట్టడం వల్ల ఉపయోగమేమీ లేదు. తలకు రాళ్లు తగలకుండా చూసి, కొట్టుకోవడం ఆగాక పక్కకు ఒత్తిగిలేలా పడుకోబెడితే చాలు.

గాయం తగిలిన తొలి గంటను, ప్రాణం నిలిచే అవకాశం అత్యధికంగా ఉండే సమయంగా చట్టమే నిర్వచించింది. ఆ గంటలోపు క్షతగాత్రుణ్ణి ఆస్పత్రికి చేర్చి ప్రాణం కాపాడినవారికి కేంద్రం 2021 అక్టోబరులో రూ. 5,000 పారితోషికం ప్రకటించి, 2025లో ‘రాహ్‌వీర్’ పేరుతో దానిని రూ. 25,000కు పెంచింది. దానికోసం ఎవరైనా బండి ఆపుతారని నేను అనుకోను. కాకపోతే, మీవారి లాంటివారికి ‘ప్రభుత్వం నన్ను అనుమానించడం లేదు’ అన్న ధైర్యం కలిగించడానికి ఆ మొత్తం పనికొస్తే మంచిదే. మీ విషయానికి వస్తే, 108కి ఫోను చేయడంతోనే మీరు అవసరమైన మొదటి పని చేశారు. ఆ కుర్రవాడి గురించి తెలుసుకోవాలని ఉంటే, తేదీ, సమయం చెప్పి ఆ ప్రాంతపు పోలీసు స్టేషనులో అడగవచ్చు. అడిగినంత మాత్రాన ఏ కేసూ మీ మెడకు చుట్టుకోదు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. బ్యాంకుకు వెళ్లినప్పుడల్లా ఎవరో ఒక పెద్దావిడ పాసుపుస్తకం చేతిలో పెట్టి ఫారం నింపమంటారు, నింపి ఇస్తాను. మొన్న ఏటీఎంలో ఒక పెద్దాయన కార్డు ఇచ్చి, పిన్ నంబరు కూడా పైకే చెప్పి డబ్బు తీసిపెట్టమన్నారు. తీసి ఇచ్చాను. ఇంట్లో అన్నయ్య బాగా తిట్టాడు. తప్పు చేశానా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: ఫారం నింపడం మానవద్దు. నింపాక, ఖాతా నంబరును, మొత్తాన్ని బయటికి చదివి వినిపించి, ‘ఇంతే కదా అమ్మమ్మా?’ అని అడిగి, పాసుపుస్తకంతో సహా ఆవిడ చేతికే ఇచ్చేయండి. కౌంటరు దాకా మీరు పట్టుకెళ్లవద్దు. సాక్షి సంతకం పెట్టమంటే మాత్రం మర్యాదగా తప్పుకోండి. మీకు ఆవిడ ఎవరో తెలియనప్పుడు ఆ సంతకానికి అర్థం లేదు.

ఏటీఎం విషయంలో మీ అన్నయ్య మాటే సరైనది. సాయం చేస్తామంటూ కార్డు తీసుకుని, అదే రంగు కార్డును తిరిగి చేతిలో పెట్టి పంపే మోసం మన ఊళ్లన్నింటా జరుగుతున్నదే. రేపు ఆ పెద్దాయన ఖాతాలో డబ్బు మాయమైతే, సీసీ కెమెరాలో కనబడేది మీ ముఖం. అంతకంటే ముఖ్యంగా, పరాయివారికి పిన్ చెప్పడం మామూలే అన్న అలవాటు ఆయనలో మీ మంచితనం వల్లనే స్థిరపడుతుంది. తరువాత దొరికే మనిషి మీలాంటివాడు కాకపోవచ్చు. బ్యాంకు తెరిచి ఉంటే లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టండి. 70 ఏళ్లు దాటినవారికి ఇంటి దగ్గరే నగదు అందజేసే ఏర్పాటు చేయాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులోనే బ్యాంకులకు సూచించిందన్న సంగతి ఆయనకు చెప్పండి. ఆయన తరఫున మేనేజరును అడిగి చూడండి, అది డబ్బు తీసి ఇవ్వడం కంటే పెద్ద సాయం.

ప్రశ్న: మా కాలనీ యువకులు ఏటా ఉగాది వెళ్లగానే బస్టాపు దగ్గర చలివేంద్రం పెడతారు. షామియానా, ఫ్లెక్సీ, రిబ్బను కత్తిరింపు, ఫొటోలు అన్నీ ఉంటాయి. మే నెల ఎండలు ముదిరేసరికి కుండలు బోర్లించి ఉంటాయి. ఇలాంటిది పెట్టడం కంటే మానేయడం మేలు కాదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నర్సీపట్నం

జవాబు: మాస్టారూ, మానేయమనవద్దు, ఫ్లెక్సీ డబ్బును మనిషి జీతానికి మళ్లించమనండి. చలివేంద్రం నడిచేది కుండల మీద కాదు, పొద్దున్నే కుండలు కడిగి నీళ్లు నింపే మనిషి మీద. ఇదివరకు ఊళ్లలో ఆ పనికి ఒక పెద్దమ్మను కుదిర్చి, నాలుగు నెలలపాటు గింజలో డబ్బో ఇచ్చేవారు. ఆవిడ పందిరి కింద కూర్చుని, కుండల కింది ఇసుకను తడుపుతూ, వాటికి చుట్టిన గుడ్డ ఆరిపోకుండా చూస్తూ, దూరం నుంచి వచ్చినవాణ్ణి ‘ఎండన పడి వచ్చావు, కాస్త ఆగి తాగు నాయనా’ అని కూర్చోబెట్టేది. ఇప్పుడైనా రోజుకు రెండు పూటలు వచ్చే ఒక మనిషిని జీతానికి పెట్టుకుంటే, మీ చలివేంద్రం జూన్‌లో వానలు పడేదాకా నిలుస్తుంది.

పాత చలివేంద్రాల గురించి మురిసిపోయేటప్పుడు మరవకూడని సంగతి ఒకటుంది. దోసిలి పట్టించి పైనుంచి నీళ్లు పోయడం వెనక శుభ్రత ఒక్కటే కాదు, చాలా చోట్ల అంటరానితనం కూడా ఉండేది. హోటళ్లలో రెండు రకాల గ్లాసులు పెట్టిన ఊళ్లను చూసినవారు ఇంకా మన మధ్యే ఉన్నారు. కాబట్టి కుళాయి బిగించిన కుండలు, అందరికీ ఒకే రకం గ్లాసులు పెట్టండి. ఎవరి నీళ్లు వారే పట్టుకుని తాగనివ్వండి. బోరు నీళ్లయితే ముందు పరీక్ష చేయించండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు అందుబాటులో ఉంచండి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ ఎవరైనా వస్తే అది వట్టి దాహం కాదు, వడదెబ్బ. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ 108ని పిలవాలని ఆ కుర్రాళ్లకు నేర్పండి.

మీరు రిబ్బను మాట ఎత్తారు కనుక, కోనసీమలో లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మ గారు (1841–1909) గుర్తుకు వచ్చారు. గోదావరి పాయలు దాటుకుని ఆకలితో వచ్చిన బాటసారికి వేళాపాళా చూడకుండా వండి పెట్టిన తల్లి ఆమె. 1866 నాటి కరవులో ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి గారు పరాయి ఊళ్ల నుంచి తరలివచ్చిన జనానికి గంజి కేంద్రాలు పెట్టి పోషించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో సీతమ్మ గారి పేరు పెట్టింది. అంత పెద్ద పేరు రావడానికి కారణం ఆమె ఒకనాడు ఘనంగా సంతర్పణ చేయడం కాదు, ఏళ్ల తరబడి పొయ్యి ఆర్పకపోవడం. మీ కుర్రాళ్లకు ఈ ముక్క మీరు చెబితేనే బాగుంటుంది, మీరు వాళ్లకు పాఠాలు చెప్పినవారు కదా.

ప్రశ్న: డెలివరీకి వచ్చేవారు లిఫ్టు వాడకూడదని మా అపార్ట్‌మెంటు కమిటీ బోర్డు పెట్టబోతోంది. అభ్యంతరం చెప్పింది నేనొక్కడినే. ‘దయ చూపాలంటే మీరే కిందికి వెళ్లి తెచ్చుకోండి’ అంటున్నారు. ఏమని వాదించాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: దయ పేరు ఎత్తకండి, ఎత్తితే అది మీ సొంత సరదాగా మారిపోతుంది. అయిదో అంతస్తులో ఉన్నవారు తమ వస్తువును తామే తెప్పించుకుంటున్నారు, తెచ్చే మనిషి తన అవసరానికి మీ భవనం ఎక్కడం లేదు కదా అని అడగండి. సమావేశంలో మరో విషయం కూడా కలపండి: పొద్దుటి నుంచి బయట తిరిగే డెలివరీ మనుషులకు, నాలుగైదు ఇళ్లలో పనిచేసే ఆడవారికి, మీ వాచ్‌మన్ గది పక్కన ఉన్న మరుగుదొడ్డి వాడుకునే వీలు కల్పించాలి. మంచినీళ్లు ఇవ్వడానికి చాలామంది సిద్ధంగానే ఉంటారు. మరుగుదొడ్డి మాట వచ్చేసరికి ముఖం తిప్పుకుంటారు, ఆ పని మనుషులకు ఎక్కువ ఇబ్బంది అక్కడే.

ప్రశ్న: బస్టాండులో ఒకాయన పర్సు పోయిందనీ ఊరికి వెళ్లాలనీ కన్నీళ్లు పెట్టుకుంటే రూ. 300 ఇచ్చాను. నెల తిరగకుండానే అదే మనిషి అదే కథ మరొకరికి చెబుతూ కనిపించాడు. ఇకమీదట ఎవరికీ ఇవ్వకూడదని నిర్ణయించుకున్నాను. సరైనదేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: డబ్బు ఇవ్వకూడదన్న నిర్ణయం మంచిదే, సాయం చేయకూడదన్నది మాత్రం తొందరపాటు. ఊరికి వెళ్లాలన్న మనిషితో బస్సు దాకా నడిచి, కండక్టరుకు డబ్బిచ్చి టికెట్టు కొట్టించండి. నిజంగా వెళ్లవలసినవాడు దండం పెట్టి ఎక్కుతాడు, కథ చెప్పేవాడు మధ్యలోనే ఏదో సాకు చెప్పి జారుకుంటాడు. ఆకలి అన్నవారికి హోటలులో భోజనం టోకెను కొనిపెట్టవచ్చు. ఒంటరిగా తిరుగుతున్న పిల్లలు కనిపిస్తే 1098కి ఫోను చేయాలి. ఊరూ పేరూ చెప్పలేక తడబడుతున్న వృద్ధుల కోసం 14567 అనే సహాయవాణి ఉంది. వారిని మీ ఇంటికి తీసుకెళ్లడం కంటే, ఉన్న చోటనే కూర్చోబెట్టి ఈ నంబర్లకు చెప్పడం మంచిది. వెతుక్కుంటూ వచ్చే కుటుంబం ముందు అక్కడికే వస్తుంది.

మోసపోకుండా సాయం చేయడం నూటికి నూరుపాళ్లు ఎవరికీ సాధ్యం కాదు. పోయినా బాధ కలగని మొత్తం నెలకు ఇంత అని మనసులో అనుకుని, దానికి లోబడి ఇవ్వడం ఒక పద్ధతి. సరిపెట్టుకోలేనంత ఇచ్చి, తరువాత లోకం మీదే అలగడం వల్ల నష్టపోయేది నిజంగా పర్సు పోగొట్టుకున్న మనిషి.

ప్రశ్న: అర్జంటుగా ఇంటికి చెప్పాలంటే ఒక యువకుడికి నా ఫోను ఇచ్చాను. తన నంబరుకే మిస్డ్ కాల్ ఇచ్చుకుని, ఆ రాత్రి నుంచి మెసేజీలు మొదలుపెట్టాడు. సాయం చేసినందుకు నన్నే అంటున్నారు ఇంట్లో.
– పేరు వద్దన్న పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తప్పు అతనిది, మీది కాదు, ఇంట్లోవారికి ఈ వాక్యం చూపించండి. మెసేజీలను తుడిచివేయకుండా దాచి, నంబరును బ్లాకు చేయండి, ఆగకపోతే షీ టీమ్స్ వంటి మహిళా పోలీసు విభాగానికి ఇవ్వండి. ఇకముందు ఎవరైనా ఫోను అడిగితే, నంబరు చెప్పమని మీరే నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను మీ చేతిలోనే ఉంచుకుని మాట్లాడించండి. నిజంగా అవసరం ఉన్నవారికి ఇది ఏమాత్రం చిన్నతనంగా అనిపించదు.

ప్రశ్న: బస్సులో మా నాన్నగారు కళ్లు తిరిగి పడిపోతే, కండక్టరు గారు బస్సును దారి మళ్లించి ఆస్పత్రి ముందు ఆపించారు. ఒక ప్రయాణికురాలు మా అమ్మ పక్కనే రాత్రి దాకా కూర్చుని, మేము వెళ్లేసరికి పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారట. ఆమె ఫొటో ఒకటి సీసీ కెమెరాలో ఉంది. వాట్సాప్‌లో పెట్టి వెతకవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు. పేరు చెప్పకుండా వెళ్లడం ఆమె కోరుకున్న పద్ధతి కావచ్చు. ఫొటో ఒకసారి వాట్సాప్‌లోకి ఎక్కితే అది ఎక్కడెక్కడ తిరుగుతుందో మీ చేతిలో ఉండదు. కండక్టరు గారి విషయం వేరు. మీ అమ్మగారి దగ్గర టికెట్టు ఉంటే దాని మీద డిపో పేరు, తేదీ, సమయం ఉంటాయి. ఆ వివరాలతో డిపో మేనేజరుకు కాగితం మీద ఉత్తరం రాయండి. బస్సు దారి మళ్లించినందుకు, ఆలస్యం అయినందుకు ఆయన పై అధికారులకు సంజాయిషీ ఇచ్చుకోవలసి రావచ్చు. మీ ఉత్తరం ఆలోగా చేరితే ఆయనకు అక్కరకు వస్తుంది. డ్రైవరు గారి ప్రస్తావన కూడా అందులో మరవకండి.